మనవాడూ, మన తరఫువాడూ

యీషున్, సింగపూర్
9 మార్చి 2025

మావయ్యా,

ఆస్ట్రేలియా రేవులో ఇనుప ఖనిజం ఎక్కించుకుంటున్నారని, అక్కడి ఎర్రదుమ్ము నీ అన్నం గిన్నెలోకి కూడా వస్తోందని రాశావు. ఆ వాక్యం చదివి శశికాంత్ చాలాసేపు నవ్వాడు. చీఫ్ ఇంజినీరుకు కూడా దుమ్ము అన్నమేనా అని అడగమన్నాడు.

నీకు చెప్పాల్సిన కబురు ఒకటుంది. మేం ఇల్లు కొనాలనుకుంటున్నాం. ఇద్దరికీ ఇక్కడ శాశ్వతంగా ఉండే పీఆర్ వచ్చి మూడేళ్లు నిండాయి కాబట్టి ఇక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో ఎవరైనా అమ్ముతుంటే కొనుక్కోవచ్చు. పైగా ఇప్పుడున్న అద్దె ఫ్లాటును జూన్ ఆఖరుకి ఖాళీ చేయమని ఓనరు చెప్పేశాడు. వాళ్లబ్బాయి పెళ్లి చేసుకుని ఇందులో దిగుతాడట.

చోవా చూ కాంగ్‌లో ఒకటి చూశాం. తొమ్మిదో అంతస్తు. అమ్ముతున్నది వయసు మళ్లిన చైనీస్ దంపతులు, కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. వంటింట్లో పొద్దుటి ఎండ పడుతుంది. ఏ ఇల్లు చూసినా వంక పెట్టే శశికాంత్ ఆ వంటింట్లోంచి బయటికి రాలేదంటే చూసుకో.

వాళ్ల ఏజెంటు తెలుగువాడే. సాయి కిరణ్ అని, ఇక్కడే పుట్టి పెరిగాడు. వాళ్ల నాన్న ఈశ్వరరావుగారు కూడా ఓడల్లో పనిచేశారట, నిన్ను బాగా ఎరుగుదురట. మొదటి రోజే ఆ అబ్బాయి "అక్కా, నేను సెల్లర్ సైడ్. మీ సైడ్ కాదు. కావాలంటే మీకు సెపరేట్ ఏజెంట్ పెట్టుకోవచ్చు, లేకపోయినా ఓకే లా" అన్నాడు, ఇక్కడి యాసలో. సైన్స్ పార్కులో నాతో పనిచేసే కీర్తిక మాత్రం తప్పకుండా పెట్టుకోమంటోంది. తను ఇల్లు కొన్నప్పుడు అలీజా అనే ఆవిడ దగ్గరుండి అన్నీ చూసిందట. శశికాంత్ సరే అంటున్నాడు. నాకేమో ఆ ఫీజు దండగనిపిస్తోంది. నువ్వు విశాఖలో ఇల్లు కొన్నవాడివి. ఏం చేయమంటావు?

మేం ఎంతదాకా పోగలమో ఈ ఉత్తరం కింద విడిగా రాశాను. ఆ అంకె నాకూ శశికాంత్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదు. అమ్మకు కూడా చెప్పలేదు. అమ్మకు చెబితే సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది.

నీ ఆరోగ్యం చూసుకుంటూ ఉండు.
ప్రణవి


ఓడ మీద, రేవులోనే
12 మార్చి

ప్రణవీ,

ఎర్రదుమ్ము ఇంజినీరుకీ కళాసీకీ ఒకటేనని మీ ఆయనకు చెప్పు. మా వంటవాడు ఇప్పుడు సాంబారులో బంగాళాదుంప వేయడం మొదలుపెట్టాడు. దాని ముందు దుమ్ము ఎంత.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను మధురవాడలో ఇల్లు కొన్నప్పుడు బ్రోకరు ఒకడే. అమ్మేవాడినీ నన్నూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన గోడు విన్నాడు, నా గోడు విన్నాడు, నడిమధ్యన ఒక మాట చెప్పి చేతులు కలిపించాడు. కమీషన్ ఇద్దరి దగ్గరా తీసుకున్నాడు, ఇద్దరం సంతోషంగానే ఇచ్చాం. పెళ్లికి అటొక పేరయ్య, ఇటొక పేరయ్య ఉంటే ఆ సంబంధం కుదిరినట్టే.

పైగా ఈశ్వరరావు కొడుకంటున్నావు. వాడూ నేనూ చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉన్నాం. ఆ పిల్లాడి అన్నప్రాసనకు నేను మీ ఊరి రేవులోనే దిగి వెళ్లాను. నా వేలు పట్టుకుని వదల్లేదు. సెల్లర్ సైడ్ అనడం ఆఫీసు మర్యాద, అలా చెప్పమని వాళ్లకు నేర్పుతారు. వాడు మనవాడు. మనవాడు చేతిలో ఉండగా పరాయి ఏజెంటుకు డబ్బు పోయడం ఎందుకు?

రేపు బయలుదేరి చైనా వైపు వెళ్తున్నాం. మా ఓడది పాత సరంజామా. రేవు దాటితే ఫోను పనిచేయదు, ఈ కంపెనీ మెయిల్ ఒక్కటే దిక్కు.

ఇల్లు నీదే అవుతుంది. దిగులు పడకు.
మీ విశ్వం మావయ్య


యీషున్
23 మార్చి

మావయ్యా,

ఏం జరిగిందో వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

నీ మాట మీద ఏజెంటును పెట్టుకోలేదు. కీర్తిక మొహం చిన్నబోయింది గానీ, "సరే, కనీసం నోరు జాగ్రత్త. నీ బడ్జెట్ చెప్పకు, తొందరుందని చెప్పకు" అంది. నేనూ శశికాంత్ అదే అనుకున్నాం. పోయిన వారం శనివారం రెండోసారి ఇల్లు చూడటానికి వెళ్లాం. ఫ్రిజ్ పడుతుందో లేదోనని టేపు తీసుకెళ్లి గోడ కొలిచాను. అంతే, ఇంకేం మాట్లాడలేదు. బుకిత్ పంజాంగ్‌లో ఇంకో ఫ్లాటు కూడా చూస్తున్నామని సాయి కిరణ్‌కు చెప్పాను. అది అబద్ధమే. ఆ రాత్రి మా ధర పంపాం. మేం పోగలిగిన దానికన్నా చాలా తక్కువే అడిగాం. బేరమాడితే మధ్యలో ఎక్కడో ఆగుతుందని మా ఆలోచన.

నిన్న సాయి కిరణ్ ఫోన్ చేశాడు. వాళ్లు ఒప్పుకోవడం లేదని, వాళ్లకు ఇంత కావాలని చెప్పాడు. మావయ్యా, అది మా అంకె. దగ్గరదగ్గరగా కాదు. చివరి సున్నా దాకా మా అంకే. నీకు రాసి పంపానే, అదే. ఆ పైన "జూన్ ఎండింగ్‌లోపు మీకు తాళాలు ఇచ్చేస్తారక్కా, నో ప్రాబ్లం" అన్నాడు. జూన్ సంగతి నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

"ఎవరు చెప్పారు నీకు?" అని అడిగాను. "నేను అడగలేదక్కా. మీ ఫ్యామిలీ సైడ్ నుంచే వచ్చింది" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మా ఫ్యామిలీ అంటే ఇక్కడ నేనూ శశికాంతూ. ఇంకెవరున్నారు? పరిచయమైనప్పటి నుంచి ప్రతి ఆదివారం అతనూ సాయి కిరణూ కమ్యూనిటీ క్లబ్బులో షటిల్ ఆడుతున్నారు. శశికాంత్‌ను అడిగితే, "నేను చెప్పలేదు" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "ఒకసారి చెప్పాను కదా" అని లేచి స్నానానికి వెళ్లిపోయాడు. తప్పు చేయనివాడు అలా లేచి వెళ్తాడా?

ఇంత చిన్న విషయానికి నాతో అబద్ధం ఆడతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

ప్రణవి


ఓడ మీద, సముద్రంలో
24 మార్చి

ప్రణవీ,

నాలుగు రోజులుగా జనరేటరు మొరాయించి నిద్ర లేదు. మెయిల్ పెట్టె తెరిచే తీరిక కూడా దొరకలేదు. ఇదిగో ఇప్పుడు దాన్ని బుజ్జగించి, చేతులు కడుక్కుని, ముందు నీకే రాస్తున్నాను. నీ ఉత్తరాలేమైనా వచ్చి ఉంటే పడుకుని లేచాక తీరిగ్గా చదువుతాను.

రేవు వదిలే ముందు నీ కోసం ఒక మంచి పని చేసి వచ్చాను. ఏమిటో చెప్పను. ఇంటి ధర దిగాక నీకే తెలుస్తుంది. అప్పుడు ఈ ముసలి మావయ్యను తలుచుకుంటే చాలు.

కొత్త ఇంట్లో పాలు పొంగించే ముహూర్తానికి నేనుండాలి. నా కాంట్రాక్టు జూలైలో అయిపోతుంది. అప్పటిదాకా ఆగండి.

నవ్వుతూ ఉండు.
విశ్వం మావయ్య


యీషున్
27 మార్చి

మావయ్యా,

నీ ఉత్తరం చూశాను. నాది ఇంకా చదివినట్టు లేదు. ఏదో మంచి పని చేశానన్నావు. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నావేమో. ఈసారి ఆయన వినలేదు.

శశికాంత్ ఇంట్లో లేడు. సోమవారం అతను వంట చేస్తుంటే నేను అతని ఫోన్ తీసి చూశాను. సాయి కిరణ్‌తో నడిచిన మాటలన్నీ చదివాను. షటిల్ కోర్టు, టైము, ఎవరు కాక్‌లు తేవాలి, అంతే. ఏమీ దొరకలేదు కాబట్టి ఊరుకోవాలి కదా. నేను ఊరుకోలేదు. చెరిపేసి ఉంటాడనుకున్నాను. తల ఎత్తి చూస్తే గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాడు.

"నువ్వు చెరిపింది" అన్నాను.

స్టవ్ ఆపేశాడు. చొక్కా మార్చుకుని, లాప్‌టాప్ సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు. స్నేహితుడి ఇంట్లో ఉన్నానని మర్నాడు ఒక్క ముక్క పంపాడు. పెళ్లయ్యాక అతను నాకు చెప్పకుండా బయట పడుకోవడం ఇదే మొదలు.

ఇంటి సంగతి వదిలేశాను. ఆ అంకె ఒప్పుకుంటే మా దగ్గర మిగిలేదేమీ ఉండదు. ఒప్పుకోకపోతే వాళ్లు కదలరు, మేం ఇవ్వగలమని వాళ్లకు తెలుసు. ఇల్లు పోతే ఇంకొకటి దొరుకుతుంది. ఇంట్లో మనిషి అబద్ధం ఆడితే ఏం చేయాలో నువ్వు చెప్పు. పెద్దవాడివి, ఒక్కసారి అతనికి రాయి. నీ మాట వింటాడు.

ప్రణవి


ఓడ మీద
28 మార్చి

ప్రణవీ,

శశికాంత్ చెప్పలేదు. నేను చెప్పాను.

నీ రెండు ఉత్తరాలూ ఇప్పుడే ఒకదాని వెంట ఒకటి చదివాను. సెకండ్ ఇంజినీరు వచ్చి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు.

బయలుదేరిన రోజు, ఓడను రేవు దాటించే పైలట్ ఎక్కక ముందు, ఇంకా ఫోను పనిచేస్తుండగా ఈశ్వరరావు దగ్గర ఆ అబ్బాయి నంబరు తీసుకుని మెసేజ్ పంపాను. నాకు గుర్తున్నంతవరకు అందులో రాసింది ఇది. "బాబూ, నేను మీ నాన్న స్నేహితుడిని. ప్రణవి నా మేనకోడలు. దానికి ఆ ఇల్లంటే ప్రాణం. పైకి బింకంగా మాట్లాడుతుంది, పట్టించుకోకు. వాళ్లు ఇంతవరకు పెట్టగలరు. జూన్ ఆఖరుకి వాళ్లు ఇల్లు ఖాళీ చేయాలి. నువ్వు మనవాడివి, ఆ పెద్దవాళ్లకు నచ్చజెప్పి తక్కువలో ఇప్పించు."

ఇదే నేను చేసిన మంచి పని. మధురవాడ బ్రోకరుకు కూడా ఇలాగే అన్నీ చెప్పాను. ఆయన నా మేలు చూశాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అమ్మినవాడు కూడా అన్నీ చెప్పాడో లేదో, ఎవరి మేలు ఎంత చూశాడో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

నువ్వు నమ్మి నాకొక్కడికే రాసిన అంకెను నేను మోసుకెళ్లి అవతలివాళ్ల చేతిలో పెట్టాను. ఆ పిల్లాడు నా మాట పట్టుకుని మీ మీదే ప్రయోగిస్తాడని నేను ఊహించలేదు. ఈశ్వరరావు కొడుకు ఇంత పని చేస్తాడా?

అది తర్వాత చూసుకుందాం. ముందు ఈ ఉత్తరం శశికాంత్‌కు చూపించు. ఇప్పుడే వెళ్లు.

విశ్వం


యీషున్
30 మార్చి

మావయ్యా,

నీ ఉత్తరం శుక్రవారం ఆఫీసులో చదివాను. పక్కన కూర్చున్న కీర్తిక నీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. నీకు ఆ అంకె రాసింది నేనే. ఎవరికీ చెప్పలేదని అంత గట్టిగా నమ్మాను, నిన్ను లెక్కలోకే తీసుకోలేదు. సముద్రం మధ్యలో ఉన్నావు కదా.

మధ్యాహ్నం సెలవు పెట్టి శశికాంత్ ఆఫీసు కిందికి వెళ్లి నిలబడ్డాను. వచ్చాడు. నీ ఉత్తరం చూపించాను. మొత్తం చదివి ఫోను తిరిగి ఇచ్చాడు.

"మావయ్య పొరపాటు పడ్డారు. మంచి చేద్దామనే కదా. అయిపోయింది" అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అడిగాడు.

"నేను చెప్పలేదన్నాను. నువ్వెందుకు నమ్మలేదు?"

ఫోన్‌లో ఏమీ దొరకనప్పుడు కూడా ఎందుకు నమ్మలేదో ఇప్పటికీ తెలియడం లేదు. నాలో అలాంటి మనిషి ఉందని నాకే తెలియదు.

సాయంత్రం ఇద్దరం కలిసి సాయి కిరణ్‌ను మా బ్లాకు కింది కాఫీ షాపుకు పిలిచాం. తిట్టాలనే వెళ్లాను. అతను మెసేజ్ తీసి చూపించాడు. నువ్వు పంపినది, దాని కింద అప్పటికప్పుడే అతను రాసిన జవాబు. "అంకుల్, సారీ. నేను సెల్లర్స్ తరఫు. దయచేసి ఇవి నాకు చెప్పకండి. వాళ్లకు ఒక ఏజెంట్‌ను పెట్టుకోమనండి." నువ్వది చూడలేదు. నీ ఓడ అప్పటికే కదిలినట్టుంది.

"చదివేశాక చదవనట్టు ఎలా ఉంటానక్కా?" అన్నాడు. "నాకు తెలిసింది నా క్లయింట్‌కు చెప్పాలి. ఆ అంకుల్, ఆంటీ నన్ను నమ్మి ఇల్లు చేతిలో పెట్టారు. దాచిపెడితే వాళ్లను మోసం చేసినట్టే. ఈ దేశంలో రెండు సైడ్స్‌కీ ఒకడే ఉండకూడదు, రూల్స్ ఒప్పుకోవు. ఫస్ట్ డేనే చెప్పాను కదా."

చెప్పాడు. నీకు మొదటి ఉత్తరంలో నేనే రాశాను. రాస్తూ కూడా వినలేదు.

శశికాంత్ అతని కాఫీకి డబ్బులిచ్చాడు. ఇంటికి వచ్చాడు. మాట్లాడుతున్నాడు, అడిగినదానికి మాత్రం.

ప్రణవి


చైనా రేవు
2 ఏప్రిల్

ప్రణవీ,

లంగరు దించగానే ఫోను బతికింది. ఆ అబ్బాయి జవాబు అందులో ఉంది. చూస్తే నేను పంపిన రెండు నిమిషాలకే రాశాడు, అప్పటికే నేను ఫోను ఆపేసి ఇంజిను గదిలోకి దిగిపోయాను. నేనిక్కడ రోజులకొద్దీ వాడిని దొంగని తిట్టుకున్నాను.

ఈశ్వరరావుకు ఫోన్ చేశాను. మావాడి తరఫున క్షమించమంటాడని ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే. వాడు అన్నది విను. "విశ్వం, నీ మేనకోడలి కోసం మావాడు ఆ ముసలివాళ్లను ముంచాలా? రేపు నేను మా ఇల్లు వాడి చేత అమ్మించుకుంటే, కొనేవాడి మావయ్య వాడికి స్నేహితుడైతే, అప్పుడు నన్ను కూడా ముంచాలా?" ముప్పై ఏళ్ల స్నేహంలో వాడు నాతో ఇంత కరకుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మనవాడంటే మన తరఫువాడే అనుకున్నాను. అవి రెండు మాటలని ఈ వయసులో తెలిసింది.

శశికాంత్‌కు విడిగా రాశాను. ఏం రాశానో నీకు చెప్పనన్నాడు. మంచిదే. ఆ అలీజా అనే ఆవిడను వెంటనే కలవండి. ఫీజు నేనిస్తానని అనను, ఇప్పుడు నేను వేలు పెట్టకపోవడమే మేలు.

విశ్వం మావయ్య


యీషున్
18 మే

మావయ్యా,

చాలా రోజులు రాయలేదు. రాయడానికి భయం వేసింది, ఆ సంగతి తర్వాత.

అలీజా గారిని కలిశాం. హైదరాబాదీ. తాతల కాలం నుంచి యాకుత్‌పురా వాళ్లట. నలభై ఏళ్లుంటాయి. మేం కూర్చోగానే, "నాకు అన్నీ జెప్పుండ్రి. అవతలోళ్లకు ఏం జెప్పకుండ్రి. నేను మీ చుట్టాన్ని కాదు, మీ తరఫు. మీరు జెప్పింది నా కాడనే ఉంటది" అన్నారు. చోవా చూ కాంగ్ కథంతా చెప్పాను. నీ మెసేజ్ సంగతి కూడా. తల పట్టుకుని నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మీ మామయ్య ఒక్కడే జెప్పిండనుకుంటున్నరా?" అన్నారు. "వాళ్ల ముంగట టేపు పెట్టి ఫ్రిజ్ కోసం గోడ కొలిచిందెవరు? సార్ వంటింట్ల అంతసేపు ఎందుకు నిలబడ్డడు? కొననోళ్లు గోడలు కొలువరమ్మా."

నేనూ శశికాంత్ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కొన్ని వారాల తర్వాత అతను నా వైపు నేరుగా చూడటం అదే మొదటిసారి. నోరు మూసుకున్నామనుకున్న రోజే ఇద్దరం అంతా చెప్పేశామన్నమాట.

ఆవిడ ఆ చోవా చూ కాంగ్ బ్లాకులో ఏడాదిలో ఏ ఫ్లాటు ఎంతకు అమ్ముడైందో ఫోన్‌లో చూపించారు. అవి ఎవరైనా చూసుకోవచ్చట. మేం చూడనే లేదు. మా అంకె వాటన్నిటికన్నా ఎక్కువ. ఆ ఇంటి అసలు విలువను మించి ఒప్పుకుంటే, ఆ పైదానికి అప్పు కూడా దొరకదట, చేతి డబ్బే పెట్టాలట. అంతదాకా పోగలమని నీకు రాసిన రోజు ఆ అంకెకు సంతకం పెట్టేసేవాళ్లమే. దాన్ని మళ్లీ బేరమాడతారా అని అడిగితే, "వాళ్లకు తెలిసిపోయింది. తెలిసినదాన్ని తెలవకుండ నేను చెయ్యలేను. ఆ ఇల్లు ఇడిచిపెట్టుండ్రి" అన్నారు.

తర్వాత చాలా చూశాం. ఒక చోట నాకు గోడల రంగు నచ్చింది, ఆవిడకు బాత్రూం పైకప్పు మీది పసుపు మరక కనిపించింది. పైవాళ్ల నీళ్లు దిగుతున్నాయని ఆ ఇల్లు వద్దన్నారు. ఆ ఇల్లు వదులుకుంటే ఆవిడకు వచ్చే ఫీజు కూడా పోతుంది కదా, అయినా వద్దన్నారు.

మొన్న ఖాతిబ్ స్టేషన్ దగ్గర ఒకటి కుదిరింది. బేరమంతా ఆవిడే నడిపారు. ఎంతకో నీకు రాయను మావయ్యా. అమ్మకు కూడా చెప్పలేదు. కోపంతో కాదు. ఈసారి అంకె నీకు చెప్పనని ఎలా రాయాలో తెలియకే ఇన్నాళ్లూ రాయలేదు. నువ్వు అడగవని నాకు తెలుసు. తాళాలు జూలైలో ఇస్తారు. ఈ ఓనరు మరో నెల ఉండనిచ్చాడు, అలీజా గారు అడిగితే. పాలు పొంగించడానికి నువ్వు వస్తున్నావు. సాయి కిరణ్‌ను, ఈశ్వరరావుగారిని కూడా పిలుస్తున్నాం. శశికాంత్ అన్నాడు పిలుద్దామని.

ఆ ఇల్లు చూసిన రోజు సంగతి ఒక్కటి రాసి ఆపుతాను. అమ్మేవాళ్ల ఏజెంటు చాలా మంచావిడ. చల్లటి బార్లీ నీళ్లు ఇచ్చి, ఇల్లు నచ్చిందా, ఎప్పటికి మారాలి, పిల్లలున్నారా అని నవ్వుతూ అడిగింది. ఏం అడిగినా మాట్లాడొద్దని అలీజా గారు ముందే చెప్పి తీసుకెళ్లారు కాబట్టి మేం గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. అలీజా గారే ఏవో చెప్పారు. హాలు దాటి లోపలి గదిలోకి వెళ్లాను. కిటికీ అవతల చెట్ల నెత్తిన రైలు పోతోంది. ఇదే మా ఇల్లని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది. కదలకుండా, మొహం మారకుండా నిలబడటానికి ఎంత కష్టపడ్డానో. శశికాంత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నా వైపు చూడలేదు, కిటికీలోంచే చూస్తున్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేశాడు. నేనూ నొక్కాను.

మా వెనకే అలీజా గారూ ఆ ఏజెంటూ ఉన్నారు. వాళ్లకేమీ తెలియలేదు.

నీ రాక కోసం చూస్తూ,
ప్రణవి